వైఫై రానిచో తప్పెవ్వరిది?

గత దసరా సెలవుల పిమ్మట పదవ తరగతి విద్యార్థి యొకడు తన యన్నగారి పాత లాప్‌టాపును చంకనిడుకొని మాయొద్దకు వచ్చెను. అందలి పాత ఆపరేటింగు సిస్టమును తుడిచివైచి, ఓపెన్‌బీఎస్‌డీ యను భద్రతాప్రధానమైన సిస్టమును సెలవులలో తానే యెక్కించెనట. ఎక్కించుట సులభముగనే జరిగెను. తెఱమీద నక్షరములు వచ్చెను. వైఫై మాత్రము రాలేదు. “మాస్టారూ, ఇది ఎంత భద్రమైనదంటే యజమానిని కూడా బయటికి పోనివ్వదండి” అని యతడు నవ్వుచు ఫిర్యాదు చేసెను.

మేమును నవ్వితిమి. కాని తక్కిన కథ విన్న పిమ్మట మా నవ్వు నిలువలేదు. వైఫై రాకపోవుటచే విసిగి, యతడు మిత్రుని ఫోనులో వెదకి, ఎవరిదో తెలియని చోటినుండి యొక ఫైలును, దానితోకూడ నొక చిన్న ప్రోగ్రామును దెచ్చి, పెన్‌డ్రైవుమీద లాప్‌టాపులోనికి జేర్చి, రూటు అధికారముతో నడిపెనట. రూటు అధికారమనగా నింటిలోని తాళపుచెవుల గుత్తి యంతయు నొకని చేతిలో బెట్టుట. అప్పటికిని వైఫై రాలేదు. ఇది యొక యదృష్టమనియే మేము తలంతుము. వచ్చియుండినచో నతడు మాయొద్దకు వచ్చియే యుండడు; ఆ ప్రోగ్రాము లోపల నేమి చేసిపోయినదో యెవ్వరును జూచియుండరు.

భద్రత కొఱకై యెన్నుకొన్న సిస్టములోనికి, వైఫై కొఱకై, ముక్కు మొగము తెలియనివానిని బిలిచి కూర్చుండబెట్టుట! ఇట్లు చేసినవాడు మా విద్యార్థి యొక్కడే కాడు. పెద్దలును జేయుచున్నారు. ఇందులకు గారణము తొందర మాత్రమే కాదనియు, వైఫై యేల రాలేదో యెఱుగకపోవుటయే ముఖ్యకారణమనియు మా యభిప్రాయము. కావున నా సంగతిని విద్యార్థులకును, వారి తలిదండ్రులకును గొంత విశదముగా జెప్పదలచితిమి.

ఓపెన్‌బీఎస్‌డీ యనునది 1995 సంవత్సరమున కెనడా దేశమందలి క్యాల్గరీ పట్టణవాసియగు థియో డి రాట్ అను నాయన నెట్‌బీఎస్‌డీ యను మఱియొక సిస్టమునుండి వేఱుచేసి యారంభించినది. ఆఱు మాసముల కొక్క కూర్పు చొప్పున నేటికిని వెలువడుచున్నది. దాని పేరు వినని వారుకూడ దాని ఫలమును అనుభవించుచున్నారు. ఏలయన దూరముననున్న కంప్యూటరులోనికి రహస్యముగా బ్రవేశించుటకు లోకమంతట వాడుచున్న ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ అను సాధనము 1999లో వీరి చేతినుండియే వచ్చినది. వీరి పద్ధతి యొక్కటి చెప్పిన జాలును. కొత్తగా నెక్కించిన యంత్రములో, యజమాని కోరి తెఱచిన తలుపులు తప్ప తక్కినవి సాధ్యమైనంతవఱకు మూసియే యుండును. ప్రోగ్రాములను గూడ, అవి పుట్టిన పని దాటి మఱియొక పని చేయనీయక కట్టడి చేయుదురు.

ఇట్టి సిస్టములో వైఫై రాకపోయినంతనే, “భద్రత కొఱకు వైఫైని వీరు నిషేధించిరి కాబోలు” అని చూచువారు తలంచుట సహజము. మా విద్యార్థియు నట్లే తలంచెను. ఇది పొరపాటు.

లాప్‌టాపులోని వైఫై కార్డు వట్టి రేకుముక్క కాదు. దానిలోపల దానికే చెందిన చిన్న ప్రాసెసరును, కొంచెము జ్ఞాపకశక్తియు నుండును. అనగా కంప్యూటరు కడుపులో మఱియొక చిన్న కంప్యూటరు. ఈ చిన్నదానిని నడపు ప్రోగ్రామునకే ఫర్మ్‌వేరని పేరు. చాల కార్డులలో నీ ఫర్మ్‌వేరు శాశ్వతముగా నుండదు. యంత్రమును వెలిగించిన ప్రతిపర్యాయమును ఆపరేటింగు సిస్టము దానిని దన డిస్కునుండి తీసి కార్డునకు అందింపవలెను. అందింపనిచో కార్డు నోరులేని మూగదియై కూర్చుండును. మా విద్యార్థి యంత్రమును వెలిగించి, తెఱమీద జారిపోవు వాక్యములను నింపాదిగా జదివించితిమి. అందొక వరుసలో ఇంటెల్ కార్డును నడపు ‘ఐడబ్ల్యూఎం’ అను డ్రైవరు తనకు ఫర్మ్‌వేరు చదువుటకు వీలుకాలేదనియు, దోషసంఖ్య 2 అనియు స్పష్టముగా వ్రాసియుండెను. ఆ సంఖ్యకు అర్థము, ఆ పేరుగల ఫైలు లేదని. యంత్రము మొదటిదినముననే నిజము చెప్పినది. చదువుటకు మనకే తీరిక లేకపోయినది.

సరే, ఆ ఫైలును మొదటనే సిస్టముతో గలిపి యేల యీయరాదు? ఇచ్చటనే యసలు వ్యాజ్యమున్నది. ఆ ఫర్మ్‌వేరు ఓపెన్‌బీఎస్‌డీవారిది కాదు, కార్డు చేసిన కంపెనీవారిది. దానిని నిబంధనలు లేక యెల్లరకు బంచిపెట్టుటకు గంపెనీవారు స్వేచ్ఛనిచ్చినచో వీరు దానిని సిస్టములోనే చేర్చుదురు, ఈయనిచో జేర్చరు. తైవాను దేశపు రాలింక్ కంపెనీ యట్టి స్వేచ్ఛనిచ్చెను. కాబట్టి ఆ కంపెనీ కార్డులలో బెక్కింటికి గావలసిన ఫర్మ్‌వేరు ఓపెన్‌బీఎస్‌డీతోనే వచ్చును. ఎక్కించిన క్షణమునుండి వైఫై పలుకును. ఇంటెల్ కంపెనీవారి పాత కార్డులనుగూర్చిన మాన్యువలు పుటలలో, ఒప్పందపు నిర్బంధములు లేకుండ బంచుటకు కంపెనీ యంగీకరింపలేదు గనుక ఫైలును జేర్చజాలకపోతిమని వీరు దాపరికము లేక వ్రాసియుంచిరి. పదునొకండవ తరగతి విద్యార్థికి గూడ దెలియునట్టి మాటలతో నున్నది, చదువదగినది.

అనగా మా విద్యార్థి యన్నగారి లాప్‌టాపులో నింటెల్ కార్డునకు బదులు రాలింక్ కార్డు ఉండియుండినచో నీ వ్యాసమే పుట్టదు! సిస్టమదే, భద్రత యదే. మాఱినది లైసెన్సు కాగితము మాత్రమే.

అథెరాస్ కంపెనీవారి కార్డుల కథ యింకను వింతయైనది. ఆ కార్డులను నడపుటకు గంపెనీవారు మూలపాఠము లేని ప్రోగ్రామునొకదానిని మాత్రమే యిచ్చుచుండిరి. దానిని స్వీకరించుటకు ఓపెన్‌బీఎస్‌డీవారు ఒప్పుకొనలేదు. రైక్ ఫ్లోటర్ అను జర్మను యువకుడు కార్డు యెట్లు ప్రవర్తించుచున్నదో పరిశీలించి పరిశీలించి, ఆ ప్రోగ్రామునకు బదులుగా స్వేచ్ఛగా జదువుకొనదగిన మఱియొకదానిని వ్రాసెను. అది 2005లో వెలువడిన 3.7వ కూర్పులో జేరినది. ఆ మఱుసటి యేడు 3.9వ కూర్పునకై వీరు కట్టించిన పాటకు ‘బ్లాబ్’ అని పేరు. మూలపాఠము చూపక, యంత్రభాషలో మాత్రమే యిచ్చు ముద్దకు వీరి వాడుకలో నదియే పేరు. పెక్కు కూర్పులకు బాటలు కట్టించుట వారి సరదా. పాటలోగూడ లైసెన్సు తగవులే!

ఇచ్చట జాగ్రత్తగల చదువరి మమ్మొక ప్రశ్న యడుగవచ్చును. “ముద్దను వలదనినవారు ఫర్మ్‌వేరును మాత్రము పిదప నేల తెప్పించుకొనుచున్నారు? అదియు మూలపాఠము లేనిదే గదా?” అని. ప్రశ్న న్యాయమైనది. వారి సమాధానమేమనగా, ముద్ద మన ముఖ్యప్రాసెసరులో, సిస్టము గుండెలోనే నడచును. ఫర్మ్‌వేరో, కార్డులోని చిన్న ప్రాసెసరులో నడచును. అది యొకవిధముగా కార్డు లోహములో భాగమువంటిదే. ఈ గీత సమంజసమైనదే గాని, సంపూర్ణమైనది కాదని మా యభిప్రాయము. కార్డునకు గంప్యూటరు జ్ఞాపకములోనికి స్వయముగా వ్రాయు దారి యొకటి సాధారణముగా నుండును. వాకిట గూర్చున్న యపరిచితుడు వాకిటనే యుండునని నమ్ముచున్నాము, నమ్మక తప్పదు. అయినను, ఈ నమ్మకము ఎచ్చట నుంచవలసివచ్చెనో మనకు దెలియజేయు సిస్టమునకును, ఏమియు జెప్పక లోపలికి బంపించు సిస్టమునకును భేదమున్నది.

రెండవ మార్గమును త్రొక్కినవారిని నిందించుట మా యుద్దేశము కాదు. డెబియన్ అను లినక్సు సంఘమువారు చిరకాలము ఇట్టి ఫర్మ్‌వేరును దమ యధికారిక స్థాపనా డిస్కులలో జేర్చక, 2022 అక్టోబరులో సభ్యుల యోట్లు తీసికొని, చేర్చుటకే నిశ్చయించిరి. 2023 జూను మాసమున వెలువడిన 12వ కూర్పునుండి యది యమలులోనికి వచ్చెను. వారి వాదము కనికరముతో గూడినది. తీగ పెట్టుటకు రంధ్రమైనను లేని పలుచని లాప్‌టాపు కొన్నవాడు, వైఫై కొఱకు గావలసిన ఫైలును వైఫై లేకుండ నెట్లు తెచ్చుకొనును? చూపులేని వారికి తెఱమీది మాటలను చదివి వినిపించు సదుపాయము గూడ గొన్ని యంత్రములలో ఫర్మ్‌వేరు లేక పలుకదు. పెండ్లియైనగాని పిచ్చి కుదురదు, పిచ్చి కుదిరినగాని పెండ్లి కాదు అన్నట్లున్న చిక్కు ఇది. రోజువారీ పనికై కంప్యూటరు వాడు గృహస్థునకు డెబియన్‌వారి త్రోవయే మంచిదని మేమును అంగీకరింతుము. కాని కంప్యూటరును నేర్చుకొనదలచిన విద్యార్థికి ఓపెన్‌బీఎస్‌డీవారి త్రోవయే మేలు. ఎవరి సొత్తు ఎచ్చట మొదలై యెచ్చట ముగియునో, ఆ యాటంకమే యతనికి జూపును.

ఆ చిక్కునకు విఱుగుడు లేకపోలేదు. అదియు మా విద్యార్థి జేబులోనే యుండెను. లాప్‌టాపును మొదట మేము మఱల దుడిపించితిమి. అపరిచితుని ప్రోగ్రాము రూటు అధికారముతో నడచిన యంత్రమును నమ్మి పని చేయరాదు. సగము రోజు పోయినదని యతడు నొచ్చుకొనెను. నొచ్చుకొననిండు. సిస్టమును క్రొత్తగా నెక్కించిన పిదప, అతని ఆండ్రాయిడ్ ఫోనును చార్జింగు కేబులుతో లాప్‌టాపునకు దగిలించి, ఫోను సెట్టింగులలో యూఎస్‌బీ టెథరింగును బెట్టించితిమి. అప్పుడు ఫోనే యొక తీగ నెట్‌వర్కు కార్డు వలె ‘యూఆర్‌ఎన్‌డిస్’ అను పేరుతో సిస్టమునకు గానవచ్చెను. దానికి ఒక్క యాజ్ఞతో అడ్రసు ఇప్పించి, ‘ఎఫ్‌డబ్ల్యూ అప్‌డేట్’ అను సాధనమును నడిపితిమి. అది యంత్రములో నే కార్డులున్నవో తానే చూచుకొని, ఓపెన్‌బీఎస్‌డీవారి ఫర్మ్‌వేరు భాండాగారమునుండి తగిన ఫైలును దెచ్చి, దానిమీది డిజిటల్ సంతకమును సిస్టములో ముందే యున్న తాళపుచెవితో సరిచూచి, తన చోట నుంచెను. ఫోనులో డేటా లేనివారు, నెట్‌వర్కుగల మఱియొక కంప్యూటరులో నదే భాండాగారమునుండి ఫైలును, సంతకముగల జాబితాను గూడ బెన్‌డ్రైవుమీదికి దెచ్చుకొని, ఆ దారిని సాధనమునకు జూపవచ్చును. సెలవులలో నతడు చేసిన పనియు పెన్‌డ్రైవుతోనే గదా! ఫైలు వచ్చిన చోటును, సంతకమును సరిచూడనిదే పెన్‌డ్రైవులు రెండును నొక్కటిగనే కానవచ్చును.

తరువాతి పని రెండు వరుసలు. ‘ఎట్సీ’ యను ఫోల్డరులో ‘హోస్ట్‌నేమ్’ అను మాటకు జుక్క పెట్టి కార్డు పేరు చేర్చిన యొక ఫైలును సృజించి, మొదటి వరుసలో ‘జాయిన్’ అని వ్రాసి వైఫై పేరును, ‘డబ్ల్యూపీఏకీ’ అని వ్రాసి పాస్‌వర్డును, రెండవ వరుసలో అడ్రసును దానంతటదే తెచ్చుకొమ్మను మాటయు వ్రాయవలెను. అంతే. వైఫై రహస్యలిపి సంగతి చూచుకొనుటకు లినక్సులో వేఱొక ప్రోగ్రాము నడచుచుండును. ఇచ్చట ఇండ్లలోని వైఫైకి అదియు నక్కఱలేదు. ఇల్లు, మేనమామ యిల్లు, హాస్టలు అని జాయిన్ వరుసలు ఎన్నియైనను వ్రాసికొనవచ్చును. సమీపమున నున్నదానిని సిస్టమే పట్టుకొనును. ఈ సదుపాయము 2018లో 6.4వ కూర్పుతో వచ్చినది. పాస్‌వర్డు ఆ ఫైలులో మామూలు అక్షరములలోనే యుండును గావున, ఇతరులు చదువకుండ దాని యనుమతులను బిగించుట మఱువరాదు.

మాకు మిక్కిలి నచ్చిన సంగతి యొకటి కలదు. పాస్‌వర్డు లేని వైఫై యేదైనను దగ్గఱనున్నచో, యజమాని నడుగకయే దానితో గలిసిపోవు నలవాటు పూర్వము ఈ సిస్టమునకు గూడ నుండెడిది. 2019లో వెలువడిన 6.5వ కూర్పునుండి దానిని మానిపించిరి. ఇప్పుడు అట్లు కలియవలెనని యజమాని ప్రత్యేకముగా వ్రాసిననే కలియును. రైలుస్టేషనులోను, బస్సు నిలయములోను ఉచిత వైఫై కనబడినంతనే ఫోను చాచు మన పిల్లలకు ఈ చిన్న మార్పు వెనుకనున్న బుద్ధి యర్థమగుట మంచిది.

వైఫై రహస్యలిపి యనునది మనము తలంచినంత గట్టిది కాదు. 1997లో వచ్చిన వెప్ అను మొదటి పద్ధతి 2001 నాటికే ఛేదింపబడెను. దాని వెనుక వచ్చిన డబ్ల్యూపీఏ 2 పద్ధతిలో గూడ, బెల్జియము దేశపు మాథీ వాన్‌హూఫ్ అను పరిశోధకుడు 2017లో నొక లోపమును గనిపెట్టెను. కార్డును వైఫై పెట్టెయు మొదట కలిసికొనునప్పుడు జరుపు పలుకరింపులో నొక సందేశమును మఱల మఱల పంపించి, ఒకమాఱు వాడిన తాళమునే క్రొత్తగా వాడించుట యందలి కిటుకు. లోపము ఓపెన్‌బీఎస్‌డీలోను ఉండెను. కాని లోకమునకు వెల్లడియైన అక్టోబరు 16వ తేదీకి మున్నే, ఆగస్టు కడపటనే వీరు దానిని సవరించి ప్రకటించిరి. తక్కినవారికంటె ముందు సవరించుటచే, దొంగలకు గుట్టు ముందే తెలిసియుండునేమో యని వాన్‌హూఫ్‌గారు తరువాత నొచ్చుకొనిరి. ఇందు మేము సగము వాన్‌హూఫ్‌గారి పక్షము. తన యింటి కన్నము పూడ్చుకొనువాడు వీథిలోని తక్కిన యిండ్లను గూడ దలచుకొనవలెను గదా.

సగము పక్షము అంటిమి గావున ఓపెన్‌బీఎస్‌డీవారి తక్కిన లోపములనుగూడ దాచము. వీరి వైఫై మందగమనము కలది. 802.11ఎన్ అను వేగవంతమైన ప్రమాణము 2009లో స్థిరపడగా వీరికి 2016లో వచ్చెను, 802.11ఏసీ 2013లో స్థిరపడగా 2022లో, అదియు ఇంటెల్ కార్డులకు మొదలు, వచ్చెను. కొన్ని కంపెనీల కార్డులు నేటికిని దీనిలో బలుకవు. బ్లూటూతును జూచుకొనువారు లేరని 2014లో సిస్టమునుండియే తీసివైచిరి. తీగలేని హెడ్‌ఫోనుతో బాట వినదలచినవారు వేఱుదారి చూచుకొనవలెను. సహాయమంతయు నాంగ్లములోని మాన్యువలు పుటలలోనే కలదు. అవి చక్కనివే కాని, చదువక యడిగినవారికి వచ్చు జవాబు మాత్రము మెత్తగా నుండదు. మొదటిమాటు అడుగు బాలునకు మెత్తని మాట యొకటి చెప్పినంత మాత్రమున సిస్టము భద్రతకు భంగము రాదు.

ఇక తలిదండ్రులకు. లాప్‌టాపు కొనునప్పుడు మీరు ధర, బరువు, తెఱ, బ్యాటరీ చూతురు. వైఫై కార్డు ఎవరిదని అడుగువారిని మేము చూడలేదు. చెప్పగల అమ్మకపుదారులనుగూడ తఱచుగా జూడలేదు. రాలింక్ వంటివారు స్వేచ్ఛనిచ్చిరి, మఱికొందఱు ఈయలేదు. ఇచ్చినవారి సరుకును మనము ఎఱిగి కొననిచో, ఈయనివారికి వచ్చు నష్టమేమి? కంపెనీవారు లేఖలకంటె లెక్కలు ఎక్కువగా జదువుదురు. మీ యింట పాత లాప్‌టాపున్నచో దానిని పాఱవేయకుడు. అందలి కార్డు పలుకనిచో, గోరంత యూఎస్‌బీ వైఫై యడాప్టరుతో బని జరుగవచ్చును. కొనుటకు మున్ను దాని లోపలి చిప్పు పేరు తెలిసికొని, ఓపెన్‌బీఎస్‌డీ మాన్యువలు పుటలోని జాబితాతో సరిచూచుకొనుడు. పైడబ్బామీది పేరు చాలదు. ఒకే పేరుతో నమ్ము అడాప్టరులలో లోపలి చిప్పు మాఱుట కలదు.

మా విద్యార్థి లాప్‌టాపు ఇప్పుడు చక్కగా బని చేయుచున్నది. సెలవులలో దాను దెచ్చిన యపరిచిత ప్రోగ్రామును చదివి చూచెదనని యతడు పట్టుబట్టగా, పెన్‌డ్రైవును మాయొద్దనే యుంచితిమి. నడపక, తెఱచి చదువుటకు మాత్రమే వచ్చు శనివారము మధ్యాహ్నము కూర్చుండెదము. ఇష్టమున్న విద్యార్థులు రావచ్చును. కేబులు ఎవరిది వారు తెచ్చుకొనవలెను.